ఉల్లితొక్కల పెద్దమ్మ

మా పెద్దమ్మ ఎవరింటికి వెళ్లినా మనుషులకంటే ముందు వాళ్ల చెత్తబుట్టని పలకరిస్తుంది. అందులో ఉల్లితొక్కలు కనబడ్డాయా, ఆ ఇంటివాళ్లు బంగారంలాంటి మనుషులు. కనబడలేదా, "ఏం తిని బతుకుతున్నారో పాపం!" అని నిట్టూరుస్తుంది.

ఆ తొక్కలతో ఆవిడ నూలుకి రంగులు వేస్తుంది. ముందు నూలుని పటిక నీళ్లలో నానేస్తుంది. "పటిక పట్టని నూలుకి రంగు వెయ్యడమూ, చెవిటివాడికి పాట పాడడమూ ఒకటే" అంటుంది. తర్వాత తొక్కలు మరిగించిన నీళ్లలో ఆ నూలు చుట్టల్ని, అదే చిలపల్ని, ముంచి తీస్తే, ఆరేసిన తీగంతా పొద్దుటెండ రంగులో మెరిసిపోతుంది.

పొయ్యి మీద ఏది అన్నానిదో, ఏది రంగుదో ఆవిడకే తెలియాలి. ఓసారి పెదనాన్న టీ అనుకుని ఆ తొక్కల నీళ్లు గ్లాసులో వంచుకుని తాగేశాడు.

"ఏమే, చక్కెర మరిచిపోయావా?"

"అయ్యయ్యో! ఆ గ్లాసుడుతో ఒక చిలప అయ్యేది కదండీ!"

పెదనాన్న కడుపు సంగతి ఎవరూ అడగలేదు.

కూరగాయల కొట్టతను ఆవిడ కనబడితే చాలు, దణ్ణం పెట్టేవాడు. "అమ్మా, రాలిన తొక్కలన్నీ మీవే. ఉల్లిపాయల్ని మాత్రం ఒలవకండి!"

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కాని మా సందు చివర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆయన భార్య పోయి ఎంతో కాలం కాలేదు. పెద్దమ్మ ఆయన్నీ వదల్లేదు. రోజూ గుమ్మంలో నిలబడి ఒకటే పోరు.

"అన్నయ్యగారూ, తొక్కలున్నాయా?"

"ఇవాళ వంట చెయ్యలేదమ్మా."

"నా పొయ్యి మీద నీళ్లు కాగిపోతున్నాయండీ! రెండు ఉల్లిపాయలైనా కొయ్యండి!"

పాపం, ఆయన కాళ్లీడ్చుకుంటూ లేచి కత్తిపీట ముందేసుకునేవాడు. పక్కనున్న నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు గిన్నె కోసం పెద్దమ్మ ఇంట్లో అటక ఎక్కాను. గోతం ఒకటి నా నెత్తిన పడి పిగిలింది. అన్నీ ఉల్లితొక్కలే! వెనక ఇంకో రెండు గోతాలు.

"ఇన్ని పెట్టుకుని ఆయన్నెందుకు పీడిస్తున్నావు పెద్దమ్మా?"

"నెమ్మదిగా మాట్లాడవే. అన్నం పంపిస్తానంటే మొహమాటంతో వద్దన్నాడు. బిస్కెట్లు నములుతూ కూర్చుంటున్నాడు. తొక్క కావాలంటే ఉల్లిపాయ కొయ్యాలా? కోశాక పారేస్తాడా, వండుతాడు. వండాక తినక ఛస్తాడా?"

అంతలో తలుపు చప్పుడైంది. గడియారాలాయన! చేతిలో ఎర్రగా కారుతున్న కవరు. మొహంలో వెలుగు.

"చెల్లెమ్మా, ఇవాళ బీట్‌రూట్ కూర చేశాను. ఈ తొక్కలు రంగుకి పనికొస్తాయా?"

బీట్‌రూట్ రంగు నూలుకి నిలవదు. ఒక్క ఉతుకుతో గంగలో కలుస్తుంది. ఆ సంగతి నాకే తెలిసినప్పుడు పెద్దమ్మకి తెలియదా? పెద్దమ్మ ఆ కవరుని వెలుగుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"భలే రంగండీ అన్నయ్యగారూ! అది సరే, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"కాస్త ఎక్కువైంది," అని ఆయన నవ్వేశాడు. "రేపు చూసి వేస్తాలే."