మేక కథకు వేసిన తాళం

షార్జాలో మా ప్రచురణ సంస్థ అంటే ఇద్దరమే. రాతలు దిద్దేది నేను, బొమ్మలు వేసేది మా ఆయన. ఆఫీసు అల్ నహ్దా ఫ్లాట్‌లో మా భోజనాల బల్ల.

మేం వేసినవాటిలో నాకు ప్రాణం పక్క ఫ్లాట్ అక్క రాసిన పిల్లల కథ. ఆమెది కర్నూలు, ఇక్కడే రోలా బజారులో టైలరింగ్ షాపు నడుపుతుంది. పదమూడో అంతస్తు బాల్కనీలో ఉండే మేక లిఫ్టు బటన్లన్నీ నాకి ప్రతి అంతస్తులోనూ దిగుతుంది, అదీ కథ. ఆమె రాసింది ఆ ఒక్క పుస్తకమే. అట్ట మీద పేరు చూసుకుని ఏడ్చేసింది.

పిల్లలు ఊరికే చదువుకుంటారని కథను మా వెబ్‌సైట్‌లోనూ పెట్టాం. నెట్‌లో దొరికిన రాతలన్నీ ఏఐ కంపెనీలు ఊడ్చుకుపోతున్నాయని విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. యంత్రాల శిక్షణకు వాడుకునే హక్కు ఎవరికీ ఇవ్వలేదని కొత్త ముద్రణలో కాపీరైట్ పేజీలో వేయించాను. యూరప్ చట్టమైతే ఆ మాట యంత్రానికి అర్థమయ్యేలా సైట్‌లోనే ఉండాలంటుందట. నిజమే, అచ్చులో ఉన్న వాక్యాన్ని ఏ యంత్రం ఆగి చదువుతుంది? ఒళ్లు మండి, సైట్లన్నీ తిరిగి చదివిపోయే రోబో ప్రోగ్రాములకు నియమాలు చెప్పే ఫైల్లో ఎవరూ లోపలికి రాకూడదని రాసిపడేశాను.

ఎవరూ అంటే సెర్చ్ ఇంజన్ కూడా అని నాకు తట్టలేదు. కొన్ని వారాలకు అక్క మా తలుపు దబదబా బాదింది. డబ్బిస్తే పుస్తకం ఎవరైనా అచ్చేయించుకోవచ్చు, నెట్‌లో ఉంటే చూపించమని ఊరి నుంచి వచ్చిన చెల్లెలు అందట. ఫోన్లో ఎంత వెతికినా దొరకలేదట.

"యాడా కనపడ్లా చెల్లీ! తీసేసినారా? తీసేస్తే తీసేసినామని చెప్పొచ్చు గదా. నేను కథ రాసినానంటే మా చెల్లెలు నమ్మడంల్యా. దాని ముందర నా పరువు ఖలాస్."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె ఎదుటే ఫైలు తెరిచి సెర్చ్‌కు దారి వదిలాను. శిక్షణ కోసం తవ్వుకుపోయే రోబోల పేర్లు వెతికి, ఒక్కొక్కదాన్నే వద్దని రాశాను. రేపు అవే ఇంకో పేరుతో వస్తే? ఆ ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. పుస్తకం మళ్లీ కనిపించడానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పినా అక్క ఆగలేదు, వెతుకుతూనే ఉంది. నేనూ అంతే.

ఒక సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈసారి తలుపు బాదలేదు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. చెల్లెలు ఏఐని బాల్కనీలో మేక కథ చెప్పమని అడిగిందట. చదివాను. పదమూడో అంతస్తు, లిఫ్టు, బటన్లు నాకే మేక. నేను తాళం వేయకముందే ఎప్పుడో పట్టుకుపోయారు. సెర్చ్‌లో మాత్రం పుస్తకం ఇంకా రాలేదు.

"మేక నాదే," అంది అక్క. ఫోన్ తీసుకుని తెరను పైకీ కిందికీ జరుపుతూ అడిగింది:

"నా పేరు యాడుండాది చెల్లీ?"