గాలిలో జీతం గీసే పెళ్లికొడుకు

మా మరదలి కొడుకు కోల్‌కతాలో ఏదో కంపెనీకి ఫైనాన్స్ మేనేజరు. జీతమెంతరా అంటే అంకె చెప్పడు. చూపుడువేలితో గాలిలో ఒక గీత గీస్తాడు. "ఇప్పుడిక్కడ, పెదనాన్నా. తర్వాత డైరెక్టరు," అంటూ వేలు పైకి పోతుంటే తనూ కుర్చీలోంచి లేస్తాడు. బడి మొహం చూడకుండా ఇన్ని పుస్తకాలు చదివిన నాకు పాఠం!

మా ఊరి రైల్వే కాలనీ నిమ్‌పురాలో వాడి పెళ్లిచూపులకు పెద్దదిక్కుగా నేనే వెళ్లాను. పిల్ల తండ్రి రిటైరైన ఇంజన్ డ్రైవరు. ఆయన గీతంతా ఓపిగ్గా చూసి అడిగాడు.

"అదంతా ఠీక్ హై బాబూ. క్వార్టరిస్తారేటి?"

"లేదండీ."

"రైలు పాసో?"

"లేదండీ. గ్రోత్ ఉందండీ."

"పాసు నేని ఉద్యోగం ఏటి ఉద్యోగమండీ?" అని ఆయన నావైపు తిరిగాడు.

ఈ ఊళ్లో ఆ మాటతో ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో నాకు తెలుసు. మావాడికేమో పిల్ల బాగా నచ్చింది. ముఖం వాడిపోయింది.

రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఆ పిల్ల, టీ ట్రే కింద పెట్టింది. "నాన్నా, పాసు నాకుంది కదేటి! ఈయన్ని నా పాసులో రాయించేస్తాను," అంది.

నాకు ఒళ్లు మండింది. మేనేజరు, పెళ్లాం పాసు మీద ప్రయాణమా! నేను నోరు తెరిచేలోగా మావాడు ముందుకు వంగి, ఎంతో వినయంగా అడిగాడు.

"ఏ క్లాసండీ?"