అవ్వ డిస్కులో ఐదు ప్రార్థనలు

నన్నూ నా తెలివితేటల్నీ ఇన్నేళ్ళు ఓపిగ్గా భరించిన దేవునికి స్తోత్రం. ఆ రోజుల్లో అల్లూరులో మా చర్చి సంఘం మొత్తానికి కంప్యూటర్ నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు రానిది లేదని అందరూ నమ్మేవాళ్ళు. (అందరికంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి.) అందుకే పెదనాన్న కూతురు, అంటే మా అక్క, పెళ్ళి వీడియోని డిస్కులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. జువ్వలదిన్నెలో ఉండే మా అవ్వ కాలు బెణికి పెళ్ళికి రాలేకపోయింది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కంటికి సోమవారం ఆపరేషన్. "ఇది కూడా పోతే ఎట్టారా? ముందు నా మనవరాలిని పెళ్ళికూతురిగా చూపించు" అని ఫోన్‌లో ఏడ్చింది.

శనివారం పొద్దున కూర్చున్నాను. ఫైలేమో పదకొండు జీబీ, డిస్కులో పట్టేది నాలుగున్నర. మొత్తం కుదించి చూశాను. పెదనాన్న వెనకనుంచి తొంగిచూసి, "ఏందబ్బయా, పిల్ల ముఖం గళ్ళ లుంగీ మాదిరి ఉండాదే!" అన్నాడు. సరే, కొంత కోసెయ్యాల్సిందే. ఏది కొయ్యాలి? పెళ్ళికి వచ్చిన ఐదుగురు పాస్టరు అయ్యగార్లూ ప్రార్థన చేశారు, ఒకరిని మించి ఒకరు. దేవునితో మాట్లాడే మనిషిని మధ్యలో ఆపడానికి నేనెవణ్ణి? ఆ ఐదింటిలో ఒక్క క్షణం కూడా ముట్టుకోలేదు. అక్క మందిరంలోకి నడిచి రావడం, దండలు, ఫొటోలు, భోజనాలు తీసేసి, ప్రమాణాలు మాత్రం ఉంచాను. డిస్కు సరిగ్గా నిండింది. జ్ఞానం పైనుంచి దిగిందనుకున్నాను.

సాయంత్రం జువ్వలదిన్నె వెళ్ళి, అవ్వను టీవీకి జానెడు దూరంలో కూర్చోబెట్టి డిస్కు పెట్టాను. మొదటి అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అవ్వ కొంగు తలమీద కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"అవ్వా, ఇది వీడియో. కళ్ళు తెరువు!"

"నోర్ముయ్ రా, ప్రార్థన జరగతా ఉంటే!"

ఆమేన్ చెప్పి తల ఎత్తేలోగా ఇంకో ఆయన అందుకునేవారు. ప్రమాణాలు వచ్చేసరికి అవ్వ సొంత ప్రార్థన ఇంకా సాగుతోంది. ఐదో ఆమేన్‌కి కళ్ళు తెరిస్తే తెర నీలంగా ఉంది. "పిల్లేదిరా?" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా అయ్యగారికి జరిగింది చెప్పుకున్నాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా ఐదుగురి ప్రార్థనలూ దేవుడు ఆ రోజే విన్నాడు తమ్ముడూ. డిస్కులో మళ్ళీ వినిపించక్కర్లేదు. తీసెయ్. పోయి ఆ తల్లికి పిల్లను చూపించు."

ఐదు ప్రార్థనలూ తీసేసి, భోజనాలు తప్ప కోసినవన్నీ మళ్ళీ అతికించాను. ఆ సాయంత్రం తెరమీద అక్క నడిచి వస్తుంటే అవ్వ టీవీ అద్దానికి చెయ్యి ఆనించి, "ముక్కు నాదేరా" అంది. మూడుసార్లు వెనక్కి తిప్పించింది. (ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక నన్ను తేరిపార చూసి, "ఇంత బక్కోడివా నువ్వు!" అంది.)

ఇప్పుడు సంఘంలో ప్రార్థన చేయించేది నేనే. మొదలుపెడితే మాటలు ఆగవు. మా ఆవిడ మోచేత్తో పొడిస్తే గానీ ఆమేన్ రాదు. ఆనాటి నేను వింటే ఎంత మురిసిపోయేవాణ్ణో! చదివిన మీరూ నాతో ఒక్కమాట ప్రార్థించండి: ప్రభువా, ఎదుటి మనిషి దేనికోసం ఎదురుచూస్తున్నారో కనిపెట్టే బుద్ధి మాకు దయచెయ్యి. ఆమేన్.