పాతరలోకి దించిన దీపం

తన చిన్నతనంలో వచ్చిన ఒక కరువులో మా జేజి, అంటే నాయన తల్లి, తన ఇద్దరు తమ్ముళ్లు ఆకలితో చనిపోవడం చూసిందని ఇంట్లో చెప్పుకునేవారు. దానికి ఆమె మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆ తరువాతి ఆమె ప్రవర్తన మాత్రం నేను స్వయంగా చూసినదే. మంచి జొన్నలన్నీ వాకిట్లోని పాతరలో పోయించి, ఆ లోతైన గుంత మూతిని బండతో కప్పి, మట్టి మెత్తించింది. ఏళ్ల తరబడి ఎవరినీ తెరవనివ్వలేదు.

పంతొమ్మిది వందల అరవైలలో వానలు వరుసగా తప్పాయి. నేను సైన్సు డిగ్రీ ముగించి ఇంటికి వచ్చిన ఆ ఏడాది నాయన గడ్డపార పట్టాడు. జేజి బండమీద కూర్చుంది.

“లెయ్యమ్మా. ఇంట్లో గింజ లేదు.”

“ఇది కరువు కాదురా. కరువంటే ఎట్లుంటాదో నేను చూసినా. అది వస్తే ఏం తింటారు?”

“అది వచ్చేదాకా మేము బతికుండొద్దా?”

“పాతర ఊరికే ఇయ్యదు. దిగినోణ్ణి పట్టుకుంటాది.”

“పట్టుకొని ఏం చేసుకుంటాది? నా ఒంట్లో కండ యాడుండాది?”

ఆమెను చెయ్యిపట్టి లేపి, బండ జరిపాడు. మధ్యాహ్నందాకా తెరిచి ఉంచితే లోపలి ఉడుకు పోతుందని ఊళ్లో నమ్మకం. అంతసేపూ ఆగి, నాయన ఒక కాలు లోపల పెట్టాడు. నేను ఆపాను. మూసిన గింజలనుంచి పుట్టే బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువైనది. తనంతట తాను పైకి పోదు. అది పుస్తకంలో చదివిందే, చూసింది కాదు. అందుకే తాడుకు దీపం కట్టి దించాను. సగం లోతులో మంట కుంచించుకుపోయి ఆరింది. మళ్లీ వెలిగించి దించితే అక్కడే ఆరింది. నాయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

జేజి చెప్పిన కారణం తప్పు. చెప్పిన ప్రమాదం నిజం.

ఆ వాయువు చెదిరిపోయేలా వేపమండల కట్టను దించి చాలాసేపు పైకీ కిందికీ ఆడించాం. ఈసారి దీపం అడుగుదాకా వెలిగింది. అది పూర్తి హామీ కాదు కనుక నాయన నడుముకు తాడు కట్టాను. జేజి వచ్చి తాడు కొసను తన చేతికి చుట్టుకుంది.

“మాట్లాడతా ఉండ్రా. నోరు మూయొద్దు.”

“ఏం మాట్లాడేదమ్మా?” లోపలినుంచి గొంతు.

“ఏదో ఒకటి. నన్ను తిట్టు.”

“గింజలు దాచి దాచి మమ్మల్ని పస్తు పెడితివి గదా, ముసలిదానా!”

“ఊఁ. ఇంకా తిట్టు.”

గంపలు పైకి వచ్చాయి. అంచుల గింజలు నల్లబడ్డాయి, నడుమవి బాగున్నాయి. ఆమె గంపలవైపు చూడలేదు. నాయన పైకి వచ్చాక కూడా తాడు వదల్లేదు.

ఆమె భయం తగ్గిందని రాయలేను. ఆ సాయంత్రం జొన్న సంగటిలో తన ముద్దను సగం తిని, మిగతా సగం గిన్నె కింద దాచిపెట్టింది.