స్కూలు బస్సు డ్రైవరు ఫైలు

మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ దిగి, నాచారంలో షేర్ ఆటో ఎక్కి, ఉప్పల్ మీదుగా పీర్జాదిగూడలో ఇల్లు చేరడం నా రోజువారీ ప్రయాణం. అమెరికా డాక్టర్లు రోగుల గురించి రాసుకున్నవి చదివి, జబ్బుకు తగిన కోడ్ పెట్టడం నా ఉద్యోగం. ఆ కోడ్ చూసే ఇన్సూరెన్స్ వాళ్లు డాక్టరుకు చెల్లిస్తారు. రోగి రికార్డులో కూడా అదే ఉండిపోతుంది. నేను చేరి అప్పటికి ఐదు నెలలు. నాకన్నా చురుకైనవాళ్లు టీమ్‌లో లేరని నాకో పొగరు కూడా ఉండేది.

ఆ రోజు ఆటో ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా అత్తమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"నాకు టీబీ వచ్చింది బిడ్డా. కింది పోర్షనోళ్లకు గూడ జెప్పిన, పిల్లలను నా దగ్గరికి పంపకున్రి అని."

"డాక్టర్ ఏమన్నడు?"

"టీబీ ఉందేమో, పరీక్ష జేయించు అన్నడు."

నాకు ఒళ్లు మండింది. "ఉందేమో అన్నడు గదా, ఉందన్నడా? పరీక్ష గాకముందే గల్లీ అంత టాంటాం జేస్తవా? ఇప్పుడు నీకున్నది దగ్గు. గంతే. ఎవరడిగినా దగ్గనే జెప్పు."

ఆ మాట పూర్తయిందో లేదో, అది నాకే తగిలింది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు ఆ సిగ్నల్ దగ్గర తెలిసింది.

పొద్దున ఒక ఫైలు చేశాను. స్కూలు బస్సు నడిపే మనిషిది. ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయాడు. ఫిట్స్ జబ్బు ఉందేమో చూడాలని రాసి, డాక్టరు ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. అనుమానానికి కోడ్ పెట్టకూడదు, తేలేదాకా లక్షణానికే పెట్టాలి అని మాకు మొదటి వారమే నేర్పుతారు. ఆయనకు పెట్టాల్సింది స్పృహ తప్పడం. నేను పెట్టింది ఫిట్స్. ఫిట్స్ ఉందని రాసిపెట్టిన మనిషి చేతికి పిల్లల బస్సు ఎవరిస్తారు?

నాలుగింటికి ఆ రోజు ఫైళ్లన్నీ ఇన్సూరెన్స్‌కు వెళ్లిపోతాయి. అప్పుడు టైము మూడూ ఇరవై. మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేశాను. పని చేసే చోటికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఆమెది లాకర్లో మోగుతోందని తెలిసి కూడా నాలుగుసార్లు చేశాను. ఆ ఆటో దిగి ఇంకో ఆటో ఆపాను.

"నాచారం, అన్నా. జర జల్ది."

"ట్రాఫిక్ సూస్తున్నవ్ గదక్కా. ఎగిరి పొమ్మంటవా?"

ఎవరో ఏమో, ముఖం కూడా తెలియని ఆ బస్సు డ్రైవరుకు దారంతా దండాలు పెట్టుకున్నాను. ఆఫీసు గేటు దగ్గర నా కార్డు పనిచేయలేదు, డ్యూటీ దిగిపోయాను కదా. సెక్యూరిటీ అన్నను బతిమాలి లోపలికి కబురు పంపాను. లీడ్ వచ్చి నన్ను తీసుకెళ్లింది. కాకినాడ నుంచి వచ్చినావిడ, గొంతు పెంచి మాట్లాడదు.

ఆమె ఫైలు తెరిచింది. "ఆడిటర్ కూడా చూసి ఓకే చేశారే," అంది. మేం పెట్టిన కోడ్లు సరిచూడటం ఆడిటర్ పని. ఆమే కోడ్ మార్చింది. నాలుగవడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. పక్క కుర్చీలో కూలబడ్డాను.

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా అడిగింది. "ఇదొక్కటేనా, ఇంతకుముందు కూడా ఇలాగే పెట్టావా?"

నాకు గుర్తు లేదు. ఐదు నెలల ఫైళ్లు అప్పటికే వెళ్లిపోయాయి.

అత్తమ్మది ఉత్త దగ్గేనని వారానికి తేలింది. రిపోర్టు పట్టుకుని నేనే కింది పోర్షన్ వాళ్లకు చూపించి వచ్చాను. మంచిదక్కా, అన్నారు. వాళ్ల పిల్లలు మాత్రం ఇప్పటికీ మా మెట్లెక్కరు.