ఎడమ చెవికి రెండు పాటలు

బస్సు డిపోలో అతన్ని అందరూ డాక్టరనే పిలిచేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, పిడిని ఎడమ చెవికి పెట్టుకుని, తేడా ఎక్కడుందో చెప్పేసేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఎప్పుడూ ఎడమ చెవే ఎందుకని ఎవరూ అడగలేదు. పదకొండేళ్ళ క్రితం గాలి కొడుతుండగా టైరు పేలి అతని కుడి చెవికి వినికిడి పూర్తిగా పోయింది. ఆ సంగతి బయటపడితే తనను ఇంజన్ల దగ్గర్నుంచి తప్పించి స్టోరు గదిలో కూర్చోబెడతారని భయపడ్డాడు. జ్వరమని చెప్పి వారం రోజులు సెలవు పెట్టి, ఏమీ జరగనట్టు మళ్ళీ పనిలోకి వచ్చాడు. భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

అతని అక్క కూతురు ఒక మందుల షాపు పైనున్న హాల్లో వ్యాయామం క్లాసు నడుపుతోంది. సాయంత్రం ఐదింటికి పాతికమంది ఆడవాళ్ళు వస్తారు. అందరూ యాభై దాటినవాళ్ళే. డ్యూటీ దిగాక డాక్టరు అక్కడికి వెళ్ళి ఫోన్లో పాటలు పెట్టేవాడు. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య రెండు సెకన్లు ఖాళీ వచ్చేది. ఆ రెండు సెకన్లలోనే ఒకావిడ మంచినీళ్ళ సీసా అందుకునేది, ఒకావిడ జుట్టు ముడి సరిచేసుకునేది, ఇంకో ఇద్దరు కోడళ్ళ గురించి మొదలుపెట్టేవారు. వాళ్ళందర్నీ మళ్ళీ వరసలో నిలబెట్టేసరికి మేనకోడలికి తాతలు దిగొచ్చేవారు.

"మామయ్యా, డీజేలు పాటలోంచి పాటలోకి ఆపకుండా వెళ్ళిపోతారు కదా. నువ్వు నేర్చుకోకూడదూ?" అందామె ఒకరోజు.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో డీజే ఏమిటని భార్య నవ్వింది. అతను మాత్రం ఆ వారం సెలవు రోజున సౌండు సామాను అమ్మే షాపుకి వెళ్ళాడు.

షాపతను ముందుగా చూపించింది అన్నిటికంటే పెద్దది. నాలుగు పాటలు ఒకేసారి నడిపించవచ్చట, మీటలన్నీ రంగురంగుల్లో వెలుగుతాయట. ఇంత అక్కర్లేదు, కొత్తగా నేర్చుకుంటున్నానని డాక్టరు చెప్పాక, ట్రేలాంటి ఓ చిన్న డబ్బా తీశాడు. దాని మీద రెండు గుండ్రటి పళ్ళేలు, మధ్యలో అడ్డంగా జరిగే మీట ఉన్నాయి. కంప్యూటరుకి తగిలిస్తే ఎడమ పళ్ళెంలో ఒక పాట, కుడి పళ్ళెంలో ఇంకో పాట. ఒకటి హాల్లో మోగుతుండగా రెండోది హెడ్‌ఫోన్లో మనకు మాత్రమే వినిపిస్తుంది. రెండిటి దరువూ కలిశాక మీట జరపాలి. అంతే.

"హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకోండి సార్. రెండో చెవితో హాల్లో పాట వినండి. ఎవరైనా అలాగే చేస్తారు," అన్నాడు షాపతను.

డాక్టరు ఎడమ చెవికి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. షాపు స్పీకర్లో మోగుతున్న పాట మాయమైంది. తీశాడు. హెడ్‌ఫోను పాట మాయమైంది. మూడుసార్లు పెట్టి తీసి, బాగుంది, ఇంట్లో అడిగి వస్తానని చెప్పి బయటపడ్డాడు.

నాలుగు రోజులు ఆ ఊసెత్తలేదు. అయిదో రోజు డిపోకి వెళ్ళే దారిలో, యాంప్లిఫయర్లు బాగుచేసే ఓ నడివయసు ఆవిడ కొట్టు ముందు సైకిలు ఆపాడు. బల్ల మీద పాత డీజే డబ్బాలు రెండు మూతలు విప్పి ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాడు ఎలాంటిది కొనుక్కోవాలని అడిగాడు. ఆవిడ టంకం పెడుతూనే, లైట్లు చూసి మోసపోవద్దని, రెండు పాటలు నడిచేది చాలని, మీటలు వదులుగా ఉన్నవి ముట్టుకోవద్దని చెప్పుకుపోయింది. ఆవిడ కుడివైపు నుంచి మాట్లాడుతోంది. అతను మాటిమాటికీ మెడ తిప్పుతున్నాడు.

"మెడ పట్టేసిందా అన్నయ్యా?" అందావిడ.

"ఆ చెవి వినపడదమ్మా. పదకొండేళ్ళయింది," అన్నాడతను.

ఒక బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ జాలిపడలేదు. టంకం కడ్డీ పక్కన పెట్టి, రెండు డబ్బాల్లో ఒకదాన్ని దగ్గరికి లాక్కుంది. హెడ్‌ఫోను తగిలించే చోట చిన్న గుండ్రటి మీట ఒకటి చూపించింది. అది ఒక కొసకి తిప్పితే రాబోయే పాట, ఇంకో కొసకి తిప్పితే హాల్లో మోగే పాట, నడిమికి పెడితే రెండూ కలిసి ఒకే చెవిలో వినిపిస్తాయి. చవకవాటిలో చాలావాటికి ఈ మీట ఉండదని, తన వరకూ ఇది లేనిది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని చెప్పింది.

డాక్టరు హెడ్‌ఫోను పెట్టుకుని మీట నడిమికి తిప్పాడు. రెండు పాటల దరువులూ ఒకదాని మీద ఒకటి పడి దడదడలాడాయి. ఆ గందరగోళం అతనికి కొత్త కాదు. ఆరు సిలిండర్ల చప్పుడులో ఒకదాని తేడా పట్టుకోవడం రోజూ చేసే పనే. పళ్ళేన్ని వేలితో కొంచెం వెనక్కి తోశాడు, ఇంకొంచెం తోశాడు. దరువులు రెండూ ఒకటై నడిచాయి. పది సెకన్లకే మళ్ళీ విడిపోయాయనుకోండి, అది వేరే సంగతి.

ఆ పాతదాన్నే కొన్నాడు. నెల్లాళ్ళు వంటింటి బల్ల మీద సాధన చేశాడు. భార్య గరిటె ఆడించడం ఆపి, ఇప్పుడు కలిసింది, ఇప్పుడు తప్పింది అని చెప్పేది. చాలాసార్లు ఆవిడే రైటు.

క్లాసుకి డబ్బా తీసుకెళ్ళిన రోజు మేనకోడలు దాన్ని చూసి ముచ్చటపడింది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకోవాలిగా, వీడియోల్లో అందరూ అలాగే చేస్తున్నారుగా అంది. ఇక దాచి లాభం లేదనిపించి అతను కుడి చెవి సంగతి చెప్పేశాడు.

"నాకెప్పుడో తెలుసు మామయ్యా. అందుకే ఎప్పుడూ నీ ఎడమ పక్కనే నడుస్తాను. నువ్వు చెప్పలేదు కదా అని ఊరుకున్నా," అందామె.

అతను వైర్లు సర్దుకున్నాడు. రెండు రోజుల తర్వాత డిపోలో సూపర్‌వైజరుకి కూడా చెప్పాడు. ఆయన ఆసుపత్రిలో అతని చెవి పరీక్ష చేయించి, కాగితం ఫైల్లో పెట్టించి, రోడ్డు మీద బస్సు నడిపి చూసే పని మాత్రం వేరే అతనికి అప్పగించాడు. ఇంజన్లు అతని దగ్గరే ఉంచాడు. బస్సు నడపడం పోయినందుకు డాక్టరు కొన్నాళ్ళు బాధపడ్డాడు.

క్లాసులో మొదటి వారం పది పాటల్లో రెండు తడబడ్డాయి. మూడో వారానికి పాట ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియలేదు. ముప్పావు గంట గడిచినా మంచినీళ్ళకి సందు దొరక్కపోయేసరికి ముందు వరసలో పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"నాయనా, కాస్త ఆగనియ్యి," అంది.

అప్పట్నుంచి ప్రతి నాలుగు పాటలకీ ఒకసారి అతనే కావాలని పాట ఆపి, రెండు నిమిషాలు ఖాళీ ఇస్తున్నాడు.