కందిసాలు పుస్తకం

మా మేనత్త పోయింది. చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకే పనులు ముగిసిన వారంలోనే, పొద్దున్నే కాఫీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయిందట. కొత్తచెరువులో నా టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తుతుండగా మా పెద్దనాయన ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందమ్మా, బయల్దేరు" అన్నాడు. అత్త ఆయనకు తోడబుట్టిన చెల్లెలు. ఎత్తిన షట్టర్ దించేసి కుందుర్పి దారి పట్టాను.

మీలో ఎవరూ ఆమెను ఎరగరు. కుందుర్పి దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా సేద్యం చేసుకునేది. చదివింది ఐదో తరగతి. కాయలు పోసుకోవాల్సిన గదిని పుస్తకాలతో నింపింది. అనంతపురం పోయినప్పుడల్లా పాత పుస్తకాల అంగడి ముందు గొంతుక్కూర్చుని ఏరుకొచ్చేది. డిటెక్టివ్ నవలలు, బావుల తవ్వకం, తేనెటీగలు, ఓడల చరిత్ర, వంటలు, లెక్కలు, మధ్యమధ్య కన్నడ కథలు. ఊరు నవ్వింది. "వానే లేని ఊర్లో ఓడల పుస్తకమేందమ్మా?" అని ఒకాయన రచ్చకట్ట మీద నుంచి అరిచాడు. "నువ్వు చూడలేదని సముద్రం ఎండిపోతాదా అప్పా?" అని అత్త ఆగకుండా నడిచిపోయింది.

నా వేసవి సెలవులన్నీ ఆ గదిలోనే గడిచాయి. హత్యలు, దొంగలు ఉంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. వరసగా నాలుగు డిటెక్టివ్ నవలలు మింగి ఐదోదానికి చెయ్యి చాస్తే, అత్త ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "నాలుగు అయినాయి. ఇప్పుడు కందిసాలు" అని తేనెటీగల పుస్తకం ఒళ్లో పడేసింది.

మా చేలల్లో చెనిక్కాయ విత్తేటప్పుడు కొన్ని సాళ్లకు ఒక సాలు కంది వేస్తారు. వాన మొహం చాటేసి కాయలు మాడిపోయినా, కంది ఎట్లాగో నిలబడుతుంది. అత్త చదువుకూ అదే పద్ధతి. ఇష్టమైనవి నాలుగు, ఆ తర్వాత మనం ఎన్నడూ ముట్టని రకం ఒకటి. తేనెటీగలతో నాకేం లాభమని ఏడ్చాను.

"లాభం చూసి చదివేదానికి ఇదేమన్నా మండీనా? నచ్చకుంటే తిట్టు మే. చదివి తిట్టు" అంది.

చదివాను. తిట్టడం మర్చిపోయాను.

ఆ రూలు నుంచి తనకూ మినహాయింపు ఇచ్చుకోలేదు. లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని, "ఈ పీడ నాకేం అర్థం కాల్యా" అని పళ్లు నూరుతూనే పేజీ తిప్పేది. అర్థం కాకపోవడం ఆమెకు ఏనాడూ సిగ్గనిపించలేదు. బట్టలు కుట్టుకునేదానికి ఇవన్నీ ఎందుకని అడిగేవాళ్ల ముందు నేను ఈరోజుకూ తల వంచనంటే, అది ఆమె పెట్టిన భిక్ష.

అత్త దివసాల నాడు, కర్మ ముగిసి భోజనాలయ్యాక, పెద్దనాయన పాత సామాన్లు కొనే మనిషిని ఆటోతో సహా పిలిపించాడు. "ఈ కాగితాలు ఎవురు చదువుతారు? తూకానికి ఏసేద్దాం. రూములో కాయలు పోసుకోవచ్చు" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పంట పోయిన ప్రతిసారీ చెల్లెలి ఇంటికి బియ్యం మూట మోసినవాడే. పుస్తకాలు మాత్రం తలకెక్కలేదు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని అత్త ఆయన ఎదుటే నవ్వేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"ఇదేం కత మే? నీకు కావల్సినవి ఏరుకో, ఎవురొద్దన్నారు? మిగిలినవి పోనీ."

న్యాయమైన మాటే అనిపించింది. లేచి చెయ్యి చాచాను. అది తిన్నగా డిటెక్టివ్ నవలల మీదికి పోయింది. ఒళ్లు మండింది నాకు, నా చెయ్యి మీదే.

"నేను ఏరుకుంటే అన్నీ చెనిక్కాయ సాళ్లే అయితాయి పెద్దనాయనా. నేను ఏరుకోనివే అత్త నాకిచ్చింది. ఒక్కటి గూడా ఈయను."

"ఇన్ని యాడ పెట్టుకుంటావు?"

"నెత్తిన పెట్టుకుంటా."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ మొండితనం ఎవరిదో ఆయనకు తెలుసు. కండువాతో కళ్లు తుడుచుకుని ఆటో మనిషి వైపు తిరిగాడు. "తూకం వద్దులేప్పా. కొత్తచెరువుకు బాడిగకు వస్తావా?"

ఇప్పుడు నా షాపులో జాకెట్ గుడ్డల పక్కనే ఆ పుస్తకాలు ఉన్నాయి. కుట్టించుకునేందుకు వచ్చినవాళ్లు తీసుకుపోతారు, తెస్తారు. రూలు అత్తదే. ఈ ఫోన్ల కాలంలో ఇవెవరికమ్మా అని జాలిపడేవాళ్లను జాలిపడనీ. మొన్న, ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలుగా పోయిన ఒకమ్మాయి జాకెట్లు తీసుకుని, ఐదో నవలకు చెయ్యి చాచింది. ఓడల పుస్తకం ఆ చేతిలో పెట్టాను.

"ఏమక్కా ఇది? నేనేమన్నా ఓడ ఎక్కేదుండాదా?"

"కందిసాలు. చదివి తిట్టు."

మూతి ముడుచుకుని బయటికి పోయి, బస్సు కోసం మెట్టు మీద కూర్చుంది. ఏమీ తోచక అట్ట తెరిచింది. ధర్మవరం బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తలెత్తలేదు.